తంపటి మగ్గేలోపు

తునిలో చలి గురించి రాస్తున్నానంటే లంబసింగి వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాతావరణ శాఖ ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికలో మా ఊరికీ ఒక గడి ఉంది. మే నెలలో ఆ గడి చూసి చుట్టాలు ఫోన్ చేసి మరీ జాలిపడతారు. డిసెంబరులో దాని మొహం చూసేవాడుండడు. సముద్రం దగ్గర్లో ఉండబట్టి రాత్రిళ్ళు ఏ 18 డిగ్రీలకో దిగి, మరీ పట్టుదల వస్తే ఇంకో రెండు మెట్లు దిగి, అక్కడితో సరిపెట్టుకుంటుంది. ఢిల్లీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు దీన్ని చలి అంటే ఒప్పుకోడు. పండక్కి వచ్చినప్పుడు వాడు ఫ్యాన్ వేసుకుని పడుకుంటాడు. మేం కోతిటోపీల్లోంచి వాడి వంక చూస్తాం.

ఆ కాస్త చలికే మా సంసారాలు తలకిందులైపోతాయి. ఇక్కడి ఇళ్ళూ, వంటిళ్ళూ, అలవాట్లూ అన్నీ ఎండని కాచుకోడానికి ఏర్పడినవి. రాత్రి పాలు తోడేస్తే తెల్లారేసరికి పెరుగవ్వాలి. రుబ్బిన పిండి పొద్దున్నకి పొంగాలి. కొబ్బరినూనె సీసా వంచితే కారాలి. ధనుర్మాసం మైకు మోగడం మొదలెట్టగానే ఈ మూడూ మొండికేస్తాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. అంతకన్నా దిగితే తెల్లగా పేరుకుని సీసా అడుగున కూచుంటుంది. మా వీధిలో ఒకావిడ ప్లాస్టిక్ సీసాని పొయ్యి పక్కన పెట్టి, ఫోన్ మోగితే అటెళ్ళి, నూనెతోపాటు సీసాని కూడా కరిగించింది. ఆ పూట పిల్ల రేగిన జుట్టుతోనే బడికెళ్ళింది.

ఇవి డాక్టరుకీ, పోలీసుకీ, బ్యాంకు మేనేజరుకీ చెప్పుకునే సంగతులు కావు. అలాగని ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బరం. మా అయిదారుగురికి ఆ ఉబ్బరం తీర్చుకోడానికి చలికాలంలో ఒక వంక దొరుకుతుంది. తేగల తంపటి.

తేగ తిన్నవాళ్ళందరికీ అది ఎలా తయారవుతుందో తెలియదు కాబట్టి కాస్త చెప్తాను. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు రాలతాయి. గుజ్జు పిసికి రొట్టె కాల్చుకున్నాక మిగిలిన టెంకల్ని తెలిసినవాళ్ళు పారెయ్యరు. మెత్తటి మట్టిలో ఇసుక కలిపి ఎత్తుగా గట్టు పోసి, దాని మీద టెంకల్ని పక్కపక్కనే పేర్చి, పైన మట్టి కప్పి వదిలేస్తారు. పాతరెయ్యడం అంటే ఇదే. మిగతా గింజలు మొలకని పైకి తోస్తే తాటి టెంక ముందు కిందికి దింపుతుంది. గట్టు ఎత్తుగా, మట్టి గుల్లగా ఉండాలనేది అందుకే. కింద గట్టినేల తగిలిందంటే తేగ వంకర తిరిగి, బొటనవేలంత లావయ్యి అక్కడితో ఊరుకుంటుంది. ఈలోపు టెంక లోపల తెల్లటి గుంజు ఒకటి పుట్టి, గట్టిపడిన పప్పుని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పెరుగుతుంది. ఆ సారమంతా కిందికి జారి తేగలో పిండిగా చేరుతుంది. దీనికంతటికీ మూడు నెలలు పడుతుంది. కార్తీకం దాటాక తవ్వితే కింద తేగ, టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు. పిల్లలకి తేగ ఉడికేదాకా ఓపిక ఉండదు. కత్తి పట్టుకున్న పెద్దాయన చుట్టూ మూగి గుంజు కోసం చేతులు చాపుతారు. తవ్వడం ఆలస్యం చేస్తే ఆకు పైకొచ్చేస్తుంది. తేగలో పిండి తరిగి పీచు మిగులుతుంది. సంక్రాంతి దాటాక వచ్చే తేగని నమిలేవాడి దవడలనడగాలి దాని సంగతి.

ఇక తంపటి. మా తోట మావయ్యకి లోవ వెళ్ళే దారిలో మామిడితోట ఉంది. మావయ్య అంటే ఎవరికీ మావయ్య కాదు, ఊరంతా అలా పిలుస్తుంది. ఆ తోట గట్టునే మా కార్యక్రమం. పాత కుండ కావాలి. కొత్తది అంత సెగకి ఆగదని మావయ్య శాసనం. తేగలు కడిగి, తోకలు కోసి, కుండలో నిలువుగా కిక్కిరిసేలా పెట్టాలి. సందు ఉంటే బోర్లించినప్పుడు జారతాయి. మూతికి పచ్చగడ్డీ ఆకులూ కుక్కి, కుండని నేలమీద బోర్లించి, చుట్టూ ఎండు తాటాకులూ, కొబ్బరిమట్టలూ, పిడకలూ పేర్చి అంటించాలి. మొదట మంట ఎగుస్తుంది. దానికి మురిసిపోకూడదు. మంట తగ్గాక నిలిచే నిప్పే తేగని మగ్గబెడుతుంది. పైన నాలుగు చుక్కలు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. తొందరపడి చెంబెడు నీళ్ళు పోశారా, కుండ టప్పున పగులుతుంది. పోయిన ఏడు ఒకాయన పోశాడు. పేరెందుకు, ఆయనే ఈ ఏడు కుండ తెచ్చాడు.

నిజానికి ఇంత తతంగం అక్కర్లేదు. బస్టాండు దగ్గర ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టిన తేగలు కట్టలు కట్టి అమ్ముతూనే ఉంటారు. ఇంట్లో కుక్కర్లో పెట్టినా ఉడుకుతాయి. తంపటి తేగకి కాస్త కమురువాసన, కాస్త ఎక్కువ తీపి ఉంటాయన్న మాట నిజమే గాని, ఆ తేడా కోసమే అయిదారుగురు ముసలాళ్ళు పొగ మింగుతూ కూచుంటారంటే నేను నమ్మను. బోర్లించిన కుండలో ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. ఎత్తి చూడ్డానికి లేదు, కలపడానికి లేదు, వదిలేసి వెళ్ళిపోడానికీ లేదు. ముప్పావుగంట సేపు పెద్దమనుషులందరికీ ఏ పనీ ఉండదు. అదే తంపటిలో అసలు దినుసు అని నా అనుమానం. ఆ ముప్పావుగంటని నింపడానికే ఎవడింట్లో ఏం తగలడిందో బయటికొస్తుంది.

ఎవరూ పెట్టకపోయినా అక్కడ రెండు నియమాలు నడుస్తాయి. పెద్ద కష్టాలు తియ్యకూడదు. అప్పులూ, ఆపరేషన్లూ, కోర్టు వాయిదాలూ తోట గేటు దగ్గరే ఆగిపోవాలి. రెండోది, చెప్పినవాడికి ఉపాయం చెప్పకూడదు. ఉపాయం చెప్పావంటే అవతలివాడి కథ అక్కడితో అయిపోతుంది, వాడి మొహం చిన్నబోతుంది. నవ్వొచ్చు, ఎగతాళి చెయ్యొచ్చు, నమ్మనని దబాయించొచ్చు. సలహా మాత్రం కూడదు.

మొదటి కథ ఎప్పుడూ మా హోటల్ బాబాయ్‌ది. ఆయనది పాయకరావుపేటలో చిన్న టిఫిన్ హోటల్. తాండవ బ్రిడ్జి దాటితే పేట. రెండూ ఒకే ఊరిలా కలిసిపోయినా ఏటికి ఇటు తూర్పుగోదావరి, అటు విశాఖ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక ఇటు కాకినాడ, అటు అనకాపల్లి. జిల్లాల పేర్లు రెండు వైపులా ఒకేరోజు మారాయి. బాబాయ్ ఇడ్లీ పిండికి మాత్రం ఏ జిల్లా అయినా చలికాలం ఒకటే బాధ, పొంగదు. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదికి రుబ్బించేవాడు ఇప్పుడు మధ్యాహ్నమే రుబ్బిస్తాడు. అప్పటికీ చాలకపోతే పెసరట్టు ఆదుకుంటుంది, పులవాల్సిన పని దానికి లేదు. చలికాలం ఆ హోటల్లో పెసరట్టు గురించి బాబాయ్ ఎక్కువ పొగుడుతున్నాడంటే ఇడ్లీ సంగతి అడక్కూడదని మాకు తెలుసు.

ఈ ఏడు కొత్త కుర్రాడు చేరాడు. పిండికి చలేస్తోందని బాబాయ్ విసుక్కుంటే ఆ మాట మనసుకి పట్టించుకున్నాడు. రాత్రి డేగిసాకి రెండు గోనెసంచులు చుట్టి, అదీ చాలదని బాబాయ్ దుప్పటి తెచ్చి కప్పి, పొయ్యి పక్కకి జరిపి పడుకున్నాడు. "పొద్దున్నే లేచి చూద్దును కదండీ, పిండి మూత తోసుకుని, దుప్పటంతా తడిపేసి, గడప దాటి వీధిలోకెళ్తంది. నేనేమో లుంగీ ముసుగెట్టుకుని వణుకుతున్నాను. ఆయ్, పిండికి వెచ్చగా ఉంది, నాకు జలుబు చేసిందండి!" ఇడ్లీలు మాత్రం ఆ రోజు దూదిపింజల్లా వచ్చాయట. మర్నాడు అవే కావాలని జనం అడిగితే మళ్ళీ దుప్పటి ఇచ్చుకోవాల్సి వచ్చింది.

మాస్టారిది లంబసింగి కథ. ఆయన సోషల్ చెప్పి రిటైరైన మనిషి. కొడుకూ కోడలూ హైదరాబాదు నుంచి స్నేహితులతో దిగి, "నాన్నగారూ, మంచు చూద్దాం" అన్నారు. అర్ధరాత్రి దాటాక రెండు కార్లలో బయల్దేరారు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే మాస్టారు ఊరుకోలేదు. అల్లూరి సీతారామరాజు కుటుంబం కొంతకాలం మన తునిలోనే ఉందనీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి ఈ కొండల్లోనే జరిగిందనీ మొదలెట్టేసరికి వెనక సీట్లో అందరూ నిద్రపోయారు. పైకెళ్ళేసరికి వాళ్ళకి ముందే ఊళ్ళ కొద్దీ కార్లు వచ్చి ఉన్నాయి. చలి చూస్తే వేలు కొరికేస్తోంది. మంచు ఎంత దట్టమంటే పక్కనున్న కోడలు కనపడదు. తెల్లారాక వ్యూ పాయింటు దగ్గర నిలబడి అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటోలు మాస్టారు మాకు చూపించారు. అన్నీ తెల్లకాయితాలే. ఒక దాంట్లో మాత్రం ఎర్రటి మచ్చ ఉంది, అది ఆయన మఫ్లర్. దిగొచ్చేటప్పుడు ఒక కారు బ్యాటరీ చచ్చిపోతే, రెండు స్వెట్టర్లు వేసుకున్న మాస్టారు దాన్ని తోశారు. తుని చేరేసరికి ఒంటిగంట. ఎండకి చొక్కా తడిసిపోయిందట.

"మంచు చూద్దామని పోయి మంచు తప్ప ఇంకేం చూడ్లేదన్నమాట," అన్నాడు బాబాయ్.

తోట మావయ్యకి మంచు అంటే నవ్వు రాదు. ఆయన చెట్లన్నీ ఇప్పుడే పూతకొస్తున్నాయి. పొద్దున్నే ముసురుకునే మంచు, తేమ ఆయనకి బూడిద తెగుళ్ళుగానూ తేనెమంచు పురుగుగానూ కనిపిస్తాయి. ఆ పురుగు పూత రసం పీల్చి జిగట వదులుతుంది, ఆకుల మీద మసి పట్టేస్తుంది. మందు కొట్టిన రాత్రే నాలుగు చినుకులు పడ్డాయని గంటసేపు ఆకాశాన్ని తిట్టాడు. అంతటితో ఆగక, మేం అంటించిన తంపటి చూసి, "ఇక్కడొద్దండీ బాబూ, సెగకి పూత మాడిపోద్ది, అవతలికి జరపండి" అన్నాడు. మండుతున్న తంపటిని జరపడం ఎలాగో మనుషుల్లో ఎవరికీ తెలియదు. కర్రలతో నిప్పు లాగి, గోనెసంచులు చేతికి చుట్టుకుని కుండని నెట్టి, ఇరవై అడుగులు జరిపేసరికి మాస్టారి మఫ్లర్‌కి చిల్లు పడింది. లంబసింగి ఫొటోలో కనబడ్డ ఏకైక వస్తువు అదే పాపం.

ఇళ్ళల్లో ఆడవాళ్ళది వేరే పద్ధతి. సంక్రాంతి దగ్గరపడితే మా ఆవిడా, చుట్టుపక్కల నలుగురూ కలిసి ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు అరిసెలు వండుతారు. తడిబియ్యం పిండి ఆరకుండానే బెల్లం పాకంలో పడాలి. పాకం చుక్క నీళ్ళ పళ్ళెంలో వేస్తే ఉండ కట్టాలి. అది దాటితే అరిసె రాయవుతుంది, అంతకు తక్కువైతే నూనెలో పువ్వులా విచ్చుకుపోతుంది. అక్కడ ఎవరి పాకమైనా తప్పిందంటే కథ చెప్పుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఒకరు గుప్పెడు పిండి వేస్తారు, ఇంకొకరు వేణ్ణీళ్ళు చిలకరిస్తారు, మూడో ఆవిడ గరిటె లాక్కుంటుంది. పని చక్కబడ్డాక, పండగ వెళ్ళిన నెలకి, ఏ పేరంటంలోనో ఆ కథ బయటపడుతుంది. మా మొగాళ్ళ తంపటి దగ్గర ముందు కథ, ఆ తర్వాతైనా చక్కదిద్దుతామన్న నమ్మకం లేదు. ఏది మేలంటే వాళ్ళదే మేలు. అరిసెలు మాకూ దొరుకుతాయి కాబట్టి ఒప్పుకోడానికి అభ్యంతరం లేదు.

గార్డుగారు మామూలుగా మాట్లాడరు. రైల్వే వాళ్ళు 2022 జనవరిలో గార్డు అన్న మాట తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. ఆయన అంతకు ముందే రిటైరయ్యారు, అంచేత ఆయనకీ మాకూ పాత పేరే. అడిగితే మంచు రాత్రుల సంగతి చెప్తారు. సిగ్నల్ కనపడనంతగా కమ్మితే, దానికి ముందు పట్టా మీద పటాసు బిగిస్తారట. ఇంజను చక్రం ఎక్కగానే ఢామ్మని పేలుతుంది, సిగ్నల్ దగ్గరపడిందని డ్రైవరుకి తెలుస్తుంది. మా వైపు అంత మంచు అరుదే అనుకోండి. ఢిల్లీ బళ్ళు చలికాలంలో ఎన్ని గంటలు లేటో మాత్రం ఆయన ఇప్పటికీ ఫోనులో చూసి తల ఊపుతుంటారు.

ఆ రోజు ఎవరూ అడక్కుండానే అన్నారు: "పెరుగు తోడుకోడం లేదండీ."

ఎవరం వెంటనే మాట్లాడలేదు. ఆ ఇంట్లో పెరుగు ఎవరు తోడేసేవారో మాకందరికీ తెలుసు. ఆవిడ పోయింది మొన్న కార్తీకంలో.

"ఏ మాత్రం వేడి మీద తోడేస్తన్నారండి?" అన్నాడు హోటల్ బాబాయ్.

"బాగా చల్లారాకే వేస్తున్నానండి."

"అదేనండి గొడవ. చలికాలం చల్లారనివ్వకూడదు. వేలెడితే చురుక్కుమనాలి, కాలకూడదు. తోడు కూడా ఓ చెంచా ఎక్కువెయ్యండి."

"గిన్నె తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టండి," అన్నాడు మావయ్య.

"తోడు లేకపోతే పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేసినా తోడుకుంటుందండీ," అన్నారు మాస్టారు, మఫ్లర్ చిల్లులోంచి వేలు బయటికి తీస్తూ.

సలహా కూడదన్న నియమం ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. గార్డుగారు జేబులోంచి కాయితం తీసి రాసుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏ బండి ఏ స్టేషన్ ఎన్నింటికి దాటిందో జర్నల్లో ఎక్కించిన చెయ్యి. పాలు అన్న చోట ఒక గీత, వేడి అన్న చోట ఇంకో గీత, తోడు ఎన్ని చెంచాలో అంకె వేసి, డబ్బా మూత వెయ్యాలా వద్దా అని బాబాయ్‌ని రెండుసార్లు అడిగారు.

ఈలోపు కుండ తీశాం. తంపటి తేగని తినడానికి కూడా పనితనం కావాలి. పై పొర ఒలిచి, తేగని మధ్యకి విరిచి, తెగిన చోట పట్టుకుని పీచుని కిందికి లాగాలి. నేర్పున్న చేతికి పీచు ఒక్క లాగుడులో దారంలా వచ్చేస్తుంది. లేనివాడికి పళ్ళ సందుల్లో దొరుకుతుంది. నిలువునా చీలిస్తే మధ్యలో లేతగా, పొడుగ్గా ఉండేది చందమామ. చిన్నప్పుడు దానికోసం కొట్టుకున్నాం. ఇప్పుడు మావయ్య తన తేగలోది తీసి గార్డుగారి చేతిలో పెడితే ఆయన వద్దనకుండా తినేశారు. కుండ జరపడం వల్లో, నిప్పు ఒక పక్కే ఉండబట్టో, సగం తేగలు మాడాయి, పావువంతు పచ్చిగా ఉన్నాయి. తప్పెవరిదని పంచాయతీ నడిచింది. మూతికి గడ్డి వదులుగా కుక్కానని నామీద కేసు పెట్టారు. సాక్ష్యం లేదు.

తాడిచెట్లు తగ్గిపోతున్నాయి, మునుపటంత సులువుగా టెంకలు దొరకడం లేదని మావయ్య అన్నాడు. విత్తిన టెంక చెట్టయి కాపుకి రావాలంటే పన్నెండు పదిహేనేళ్ళు ఆగాలి. పూతకొచ్చేదాకా అది పోతుతాడో పెంటితాడో కూడా తెలియదు. అంత కాలం ఎదురుచూసి పెంచేవాడెవడు? మన రంపచోడవరం ఏజెన్సీలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద పరిశోధనలు జరుగుతున్నాయి. తేగ పిండితో బిస్కెట్లు కూడా వస్తున్నాయని మాస్టారు చెప్తే బాబాయ్ ఆసక్తిగా విన్నాడు. ఆ పిండికి దుప్పటి అవసరమా అని అడిగాడు.

భోగి దగ్గరపడుతోంది. పోయిన ఏడు భోగికి ముందు రాత్రి మావయ్య తోటలోని నులకమంచం మాయమైంది. భోగిమంటకి కర్రలు ఎత్తుకుపోవడం మా వైపు కుర్రాళ్ళకి హక్కు లాంటిది. విరిగిన కుర్చీలూ, పుచ్చిన తలుపులూ వీధిలో వదిలేసినవాడు వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే. మావయ్య తెల్లవారుజామున రామాలయం దగ్గరికెళ్ళి చూస్తే మంటలో తన మంచం కోళ్ళు నాలుగూ కనబడ్డాయి. కేకలేస్తాడనుకున్నారంతా. "మన మంచమే కదండీ, మనమే కాచుకోవాలి" అని ముందు వరసలో నిలబడ్డాడట.

ఈ ఏడు కొత్త మంచం నేయించి, ముందు జాగ్రత్తగా గొలుసుతో మామిడిచెట్టు మొదలుకి కట్టి తాళం వేశాడు. తంపటి ఇరవై అడుగులు జరిగాక మంచం కూడా అటు తెచ్చుకుందామంటే తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. అంచేత అందరం తడిగడ్డి మీదే కూచున్నాం. వచ్చే ఆదివారం లోపు చెవి దొరక్కపోతే తంపటే మంచం దగ్గరికి రావాలని గార్డుగారు తీర్మానం పెట్టారు. పూత సంగతి ఏం చేస్తావయ్యా అంటే మావయ్య ఇంకా జవాబు చెప్పలేదు.